సూక్ష్మదర్శిని వంతు

మా పాఠశాల ప్రయోగశాలలో మంచి సూక్ష్మదర్శినులు రెండే యున్నవి. నూనెబొట్టు వేసి చూడదగిన నూఱురెట్ల కటకము వానిలో నొకదానికే కలదు. ఇవిగాక ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి, త్రీడీ ప్రింటరు ఒకటి. ఈ నాలుగు వస్తువులను మా విద్యార్థులేగాక పొరుగున నున్న మఱి రెండు పాఠశాలల బాలబాలికలును వాడుకొనుచున్నారు. శ్రీకూర్మము పెద్ద పట్టణము కాదు. ప్రతి పాఠశాలయు నన్నిటిని కొనుటకు ధనము చాలదు. కావున పంచుకొనుటయే గతి. వస్తువులను కొనుటయే కష్టమని మొదట తలంచియుంటిమి. పంచుకొనుట యంతకంటె కష్టమని పిదప తెలిసినది.

మొదట నొక నోటుపుస్తకమును దారముతో ప్రయోగశాల తలుపునకు గట్టితిమి. వంతు కావలసినవారు తేదీయు గంటయు తరగతియు వ్రాసి పోవలయును. కొన్ని మాసము లిది బాగుగనే నడచెను. అయినను పొరుగు పాఠశాలవారు వంతు వ్రాయుటకే యెండలో సైకిలు త్రొక్కుకొని రావలసివచ్చెను. ఒకరు పెన్సిలుతో వ్రాసినదానిని మఱియొకరు చెఱిపిరి. ఒక మంగళవారమునాడు రెండు తరగతులు ఒకే గంటకు వచ్చి తలుపు ముందఱ నిలిచినవి. ఉపాధ్యాయు లిరువురును తమ పేరే ముందుండెననిరి. పుస్తకము విప్పి చూడగా నా పుటయే లేదు. ఆ సాయంకాలము ప్రధానోపాధ్యాయులు నన్ను పిలిచి, “ఇందులకు ఆన్‌లైను సాఫ్టువేరు లున్నవట. చూచి యొకటి యేర్పఱుపుడు” అని సెలవిచ్చిరి.

నేను విజ్ఞానశాస్త్రము బోధించువాడనే కాని కంప్యూటరు పండితుడను గాను. అయినను పూనుకొని వెదకితిని. మొదట కంటబడినది ఐ-స్టెమ్ అను జాతీయ పోర్టలు. దానిని 2020 జనవరి 3వ తేదీన బెంగుళూరునందు జరిగిన భారత సైన్సు కాంగ్రెసులో ప్రధానమంత్రి ప్రారంభించిరి. ఒక విశ్వవిద్యాలయమునందలి విలువైన పరికరమును దూరదేశమందలి పరిశోధకుడు సయితము వెదకి వంతు కోరవచ్చును. ఉద్దేశము మాదియే, కాని యది పరిశోధకులకై యేర్పడినది, మా చిన్నత్రాసునకు గాదు. అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థవారు చేసిన నీమో అను సాఫ్టువేరు మఱియు నాశ్చర్యకరము. వంతు చూపుటయేగాక, శిక్షణ పొందనివాడు యంత్రమును నడుపకుండ విద్యుత్తునే యాపియుంచు నేర్పాటు దానియందు గలదు. ఇదియు మాకు మించినదే.

పిదప మాకు దగినవానిని చూచితిని. అందఱును జూడగల గూగుల్ క్యాలెండరును మాత్రము పెట్టుకొనినచో వ్యయము లేదు. కాని మామూలుగా వ్రాసికొను క్యాలెండరులో నొకే గంటకు రెండు వంతులు వ్రాసినను అడ్డుపెట్టువారుండరు. మా తగవునకు మూలమదియే కదా! ఎమ్.ఆర్.బి.ఎస్. అనునది సభామందిరములకై పుట్టినది. ఉచితము, సులభము, ఒక దినపు గడులన్నిటిని ఒక్క పుటలో చూపును. లిబ్రెబుకింగ్ అనునది బుక్‌డ్ షెడ్యూలరు అను పాత సాఫ్టువేరునుండి చీలి, స్వచ్ఛందముగ పనిచేయువారిచేత పోషింపబడుచున్నది. ఒక్కొక్కరికి వారమున కిన్ని వంతులని హద్దు పెట్టుట, వంతునకు వంతునకు నడుమ తుడిచి సర్దుటకు వ్యవధి విడుచుట, మరమ్మతు దినములను మూసివేయుట మున్నగునవి దీనియందు గలవు. మూలగ్రంథము బహిరంగముగా నుండుటచే, నేడో రేపో యొక వ్యాపారి తలుపు మూసినచో మన పట్టికలు వానితో పోవునను భయము లేదు.

బాలుర పేర్లను, ఫోను సంఖ్యలను అందులో వ్రాయుటకు నా మనసొప్పలేదు. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలురుగా నెంచినది. వారి సమాచారమును గైకొనుటకు సామాన్యముగా తల్లిదండ్రుల యనుమతి వలయునని విధించినది. కావున పేరునకు బదులు హాజరుపట్టీ సంఖ్యనే వాడితిమి. ఇట్లన్నిటిని విచారించి లిబ్రెబుకింగును ఎన్నుకొంటిమి. ప్రతి యాదివారము రాత్రి తొమ్మిది గంటలకు రాబోవు వారపు గడులు తెఱవబడును. ముందు వచ్చినవారికి ముందు వంతు. ఇంతకంటె న్యాయమేమున్నదని నేను సంతోషించితిని. నెలనాళ్లు ఒక్క తగవును రాలేదు.

అంతట నొక సోమవారము తొమ్మిదవ తరగతి బాలిక యొకతె పచ్చడిసీసాతో ప్రయోగశాల గుమ్మమునొద్ద నిలిచియుండెను. సీసాలో గడ్డి నానవేసిన చెఱువునీరు. అందు పుట్టు పారమీషియములను దినదినమును చూచి బొమ్మలు గీయవలయునని నేనే పాఠములో జెప్పియుంటిని. ఆమె సీసా సిద్ధముచేసి రెండు వారములైనది. ఒక్క వంతును దొరకలేదు. నీరు నల్లబడి దుర్గంధము కొట్టుచుండెను. “ఏల ముందుగా వంతు తీసికొనలేదు?” అని నేను కొంత కఠినముగనే యడిగితిని.

“మేష్టారూ, మా యింట ఫోను ఒక్కటే. అది అయ్యతో వేటకు పోవును. అయ్య తీరమునకు వచ్చునప్పటికి గడులన్నియు నిండిపోవుచున్నవి” అని తలవంచుకొని చెప్పెను. మఱియొక మాట యనలేదు. సీసానీటిని వేపచెట్టు మొదట బోసి, సీసా కడిగి సంచిలో బెట్టుకొని వెడలిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. మఱునాడు నెల పట్టికను తీసి చూడగా నవే కొన్ని సంఖ్యలు మరల మరల గనబడెను. ఫోనులు గల యిండ్ల పిల్లలు తొమ్మిదింటికి సిద్ధముగా గూర్చుండి నిమిషములలో గడులను నింపుచుండిరి. వారి దోషము లేదు. నేను పెట్టిన నియమమునే వారు పాటించిరి. నోటుపుస్తకము చినిగినపుడు ఆ యన్యాయ మందఱి కంటికిని గనబడెను. దీనియందు తగవు లేదు కావున న్యాయమున్నదని నేను భ్రమించితిని. నష్టపడినవారు తగవులాడుటకైనను తలుపునొద్దకు రాలేదని గుర్తింపనైతిని.

మా శ్రీకూర్మనాథుని యాలయమునందలి నక్షత్రపు తాబేళ్లను చదువరులు చూచియుందురు. ఆకుకూర యొకచోట గుప్పించినచో ముందున్నవి కడుపార తినును. వెనుకనున్నవి నడచి వచ్చునప్పటికి కాడలే మిగులును. తెలిసి పెట్టువాడు నాలుగు చోట్ల వేయును. ఆకును పెంచనక్కఱలేదు, వేయు పద్ధతి మార్చిన చాలును.

మేమును సాఫ్టువేరును మార్చలేదు, నియమములను మార్చితిమి. వారమున కొకరికి ఒక్క వంతే యని హద్దు పెట్టితిమి. ఈ వసతి మొదటినుండియు దానియందున్నదే. వాడుకొననిది నా దోషము. గడులు తెఱచు వేళను ఆదివారము రాత్రినుండి సోమవారము మధ్యాహ్న విరామమునకు మార్చి, ప్రతి పాఠశాలలో నొక కంప్యూటరును ఆ గంటకు విద్యార్థుల కప్పగించితిమి. ఫోనుగాని కంప్యూటరుగాని తెలియనివారి వంతును ప్రయోగశాల సహాయకుడు తానే వ్రాయును. సగము గడులను అంతకుముందు వంతు దొరకనివారికై ప్రత్యేకించితిమి. నిండిన పట్టికను కాగితముపై నచ్చువేసి మూడు బడుల తలుపులకును అంటించుచున్నాము. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జిల్లాను తాకినపుడు ఎన్నో గ్రామములు దినములకొలది విద్యుత్తు లేకుండ నుండినవి. తీరవాసులకు కాగితము విలువ వేఱుగ జెప్పనక్కఱలేదు.

తొమ్మిదింటికి సిద్ధముగా నుండు అలవాటున్నవారిలో కొందఱు మొగము ముడిచికొనిరి. ఒకరిద్దఱు తల్లిదండ్రులు వచ్చి, చుఱుకైన పిల్లలను ఏల వెనుకకు లాగెదరని ప్రశ్నించిరి. చుఱుకుదనమునకును ఫోనునకును భేదము గలదని వినయముగా మనవి చేసితిని. వారిలో నొకరు సమాధానపడలేదు; ఆయన కోపము నేటికిని తీఱలేదు.

ఆ బాలిక మరల గడ్డి నానవేసెను. గురువారము మూడవ గంట ఆమె వంతు. కటకము క్రింద చెప్పుటడుగువంటి యాకారముగల ప్రాణి దొర్లుచు పోవుచుండగా నామె నన్ను పిలువలేదు. తలయెత్తకుండ బొమ్మ గీయుచుండెను. గంట కొట్టినపుడు కటకమును తుడిచి, తరువాతి బాలునికి స్థలమిచ్చి లేచెను.

ఇతర పాఠశాలలయం దిట్టి యేర్పాటు చేయదలచు సోదరోపాధ్యాయులకు నా మనవి యొక్కటి. వ్యయమెంత, వేగమెంత యని యడుగుట మంచిదే. కాని సాఫ్టువేరు నెన్నుకొనకముందే, ఫోను లేని బిడ్డ దీనియందు వంతు నెట్లు పొందునని యడుగుడు. నే నీ ప్రశ్నను నెలనాళ్లు ఆలస్యముగ నడిగితిని. దాని మూల్యమును చెల్లించినది నేను గాను.