ఘంటసాలలో కుట్టిన నక్షత్రాలు

ఘంటసాల అనగానే అందరికీ గాయకుడే గుర్తుకొస్తారు. ఆయన పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. మేమిద్దరం వెళ్ళింది ఘంటసాల ఊరికి, ఆగమన కాలపు రెండవ వారంలో, మా పిన్నమ్మను చూడడానికి.

బందరు నుండి సుమారు 20 కిలోమీటర్ల ప్రయాణం. కొన్ని చేలు పనల మీద ఉన్నాయి, కొన్నిచోట్ల కుప్పలు వేశారు. కోతకు ముందు చల్లిన మినుములు వరి దుబ్బుల మధ్య మొలిచి ఉన్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ డెల్టాలో చేతికొచ్చిన వరి నీట మునిగింది. అందుకే ధాన్యం ఇల్లు చేరేదాకా పిన్నమ్మ పండుగ మాట గట్టిగా అనదు. సూది మాత్రం ముందే పడుతుంది.

ఊరు చాలా పాతది. టాలెమీ గ్రంథంలోనూ, నాగార్జునకొండ శాసనంలో కంటకశైల అనే పేరుతోనూ కనబడే రేవుపట్నం ఇదేనంటారు. బౌద్ధుల మహాచైత్యం ఇక్కడుంది. నడుమ నలుచదరపు ఇటుక కట్టడం, చుట్టూ గుండ్రని గోడ, బండిచక్రపు ఆకుల్లా అడ్డగోడలు. శిల్పాలు కొన్ని ఊళ్ళోని మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని పారిసులోని గీమే మ్యూజియం చేరాయి. మ్యూజియంలో రాతి పద్మాలు చూసి వచ్చి మంచం మీద చూస్తే, పిన్నమ్మ మ్యాటీ గుడ్డ మీదా పద్మమే! క్రిస్మస్‌కు తామరపువ్వేమిటని అడిగాము. “చెరువులో పువ్వే కదమ్మా, దేవుడు చేసిందే” అంది.

ఫాక్సు దొరగారు, నోబులు దొరగారు 1841లో బందరు వచ్చారు, 1843లో నోబులుగారి బడి మొదలైంది. తరువాతి కాలంలో మిషను బడుల్లో ఆడపిల్లలకు చదువుతోపాటు సూదిపని కూడా నేర్పారు. పిన్నమ్మకు ఈ గళ్ళ కుట్టు వాళ్ళ అమ్మ నేర్పింది.

పని చూడడానికి తేలిక. గుడ్డను నాలుగు మడతలు పెట్టి నడిమి గడి గుర్తు పెట్టుకోవాలి. నక్షత్రానికి అడ్డం 25 గళ్ళు, నిలువు 25 గళ్ళు. బేసి లెక్కే ఉండాలి, లేకపోతే నడిమి గడి దొరకదు. ఆరు పోగుల దారంలో రెండే తీసి, వరుసంతా ఒకవైపుకు ఏటవాలుగా కుట్టుకుపోయి, తిరిగి వస్తూ అడ్డం వేయాలి. పైపోగులన్నీ ఒకేవైపు వాలాలి. ఒక్కటి తిరగబడినా వెలుతురులో పట్టిస్తుంది. వెనుక ముడి వేయకూడదు, దారం కొసను కుట్ల కిందే దూర్చాలి. లోపల పాత శుభలేఖ అట్ట, కొంచెం బూరుగు దూది పెట్టి, అంచు కుట్టి, పైన దారపు ఉంగరం. సరుగుడు కొమ్మకు తగిలిస్తే అదే పండుగ చెట్టు. కోనేరు సెంటరులో కొనే మెరుపు కాగితపు నక్షత్రాలు రెండో ఏటికి వెలిసిపోతాయి, ఇవి ఉతికి గంజి పెట్టుకోవచ్చు.

ప్రతి ఏటా కుటుంబంలో ఇంటికొకటి చొప్పున 11 కుడుతుంది. ఈసారి పద్మంలో ఒక రేకు రెండు గళ్ళు పక్కకు పోయింది. పిన్నమ్మ ఎన్నడూ లెక్క తప్పే మనిషి కాదు. కంట్లో శుక్లం ముదిరిందట. సంక్రాంతి దాటాక ఆపరేషను. “మీరు గళ్ళు ఎంచండి, నేను కుడతాను” అంది. ఆ రాత్రి దారం విప్పించి, ట్యూబ్‌లైటు కింద ఒకరి తరువాత ఒకరం లెక్కపెట్టాము. మాకే రెండుసార్లు తప్పింది.

తెల్లవారి బిస్కట్ల డబ్బా మా చేతిలో పెట్టింది. అందులో అడుగున మూడు పాత నక్షత్రాలున్నాయి. అవి చిన్నకొడుకువి. పొలం పంపకాల నాటినుండి అతను ఈ గుమ్మం తొక్కలేదు. పెద్దవాడికి గట్టు పక్క చెక్క ఎక్కువ వచ్చిందని కోపం. ఎవరిది న్యాయమో మేము చెప్పలేము, కొలిచిన రోజున మేమక్కడ లేము. “నాలుగూ ఇవ్వండి. ఏమీ చెప్పకండి” అంది పిన్నమ్మ.

బందరులో అతని ఇంటికి వెళ్ళేసరికి చీకటి పడింది. మరదలు టీ ఇచ్చింది. అతను డబ్బా తెరిచి, మూడూ పక్కన పెట్టి, నాలుగోది వెనక్కి తిప్పాడు. ఒకచోట ముడి ఉంది. విప్పి కుట్టించినప్పుడు తొందరలో మేము వేయించిందే.

“అమ్మ ముడి వేయదే” అన్నాడు.

ఏమీ చెప్పవద్దన్నా చెప్పేశాము. కొంతసేపు మాట్లాడలేదు. లేచి గోడ క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, జనవరి కాగితం ఎత్తి, “ఆపరేషను ఏ తారీఖు?” అని అడిగాడు.