దోబూచులాట

విశాఖపట్టణమున సంస్కృతమును ఆంగ్లమును బోధించుచు మేమిరువదియేండ్లు గడపితిమి. శాకుంతలమందలి సప్తమాంకమును విద్యార్థులకు వివరించుట మాకు మిక్కిలి ప్రీతి. సింహపుపిల్ల నోరు తెఱచి పండ్లు లెక్కింపబూనిన బాలునిగాంచి, బిడ్డల మేనిధూళిచే ఒడి మలినమగు తండ్రులే ధన్యులని దుష్యంతుడు తలపోయు ఘట్టమది. దానికి ప్రతిపదార్థము చెప్పితిమి, భావము చెప్పితిమి, కాని మా తెల్లపంచె మాత్ర మెన్నడును మాయలేదు.

తన తండ్రియెదుట తన బిడ్డ నెత్తుకొనుట అమర్యాద యను ఆచారము మా యింట నుండెను. అనేక కుటుంబములలో నదియుండెను. మా పెద్దవాడు ఉయ్యెలలో కేరింతలు కొట్టుచుండగా, మా నాయనగారు వాకిట నున్నారని మేము పత్రిక చాటున ముఖము దాచుకొంటిమి. వానికిప్పుడు పదునాఱేండ్లు. పాఠశాల రుసుము కొఱకు తప్ప మాతో మాటలాడడు. ఇట్టి మర్యాద తండ్రిని తన బిడ్డకే యతిథిని చేయును.

ఇంత వయసున మాకొక యాడుపిల్ల కలిగినది. దానికి పదవ మాసము నడచుచుండగా, నొకనాటి సాయంకాలము మేము చేతిఫోను చూచుకొనుచుంటిమి. పిల్ల ప్రాకివచ్చి పంచె లాగెను, నవ్వెను, కేకవేసెను. మేము "ఊఁ" అంటిమి గాని తలయెత్తలేదు. కొంతసేపటికది గోడవైపు తిరిగి వ్రేలు చప్పరించుకొనుచు కూర్చుండెను. చుట్టును ఏటికొప్పాక బొమ్మలు పడియున్నవి. వరాహనదియొడ్డున నున్న ఆ యూరివారు అంకుడుకొయ్యను తరిణెపట్టి లక్కరంగులద్ది చేయు ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. మంచి బొమ్మలే. కాని బొంగరము తనంత తాను తిరుగదుగదా!

మా గృహిణి చూచి, "బొమ్మలు చాలక కాదండీ, మీరు చాలక" అనెను.

1970 తరువాతి దశకమున అమెరికా దేశమున ఎడ్వర్డ్ ట్రోనిక్ అను మనశ్శాస్త్రవేత్త యొక పరీక్ష చేసెను. తల్లి కొంతసేపు బిడ్డతో ముచ్చటలాడి, పిమ్మట కొన్ని నిమిషములు చలనములేని ముఖముతో కూర్చుండవలెను. బిడ్డ మొదట నవ్వి చూచును, చేయి చూపును, అఱచును. తుదకు ముఖము త్రిప్పుకొని యేడ్చును. తల్లి మరల పలుకరించినచో క్రమముగా ఆటలోనికి వచ్చును. ఇది చదివినపుడు మాకు సిగ్గు కలిగెను. ఆ రాతిముఖము మా యింట మాదే.

మేము గాజువాకయందు కాపురముందుము. ఎదురింటివారు 1992లో జాతికంకితమైన ఉక్కుకర్మాగారమున పనిచేయుదురు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చి, నిద్రించుటకు ముందు తువాలు చాటున ముఖము దాచి, తీసి, తమ బిడ్డతో దోబూచులాడుదురు. ఇది వేళాకోళమని మేము తలచుచుంటిమి. ఒకనాడు కారణమడుగగా, "పది నిమిషాలేనండి మాస్టారూ. ఇది నవ్వకపోతే నాకు నిద్రట్టదు" అనిరి.

ఆ పది నిమిషములలో జరుగునది స్వల్పము కాదు. కనబడనిది లేకపోలేదని బిడ్డ తెలిసికొనును. ఎదురుచూచుట నేర్చుకొనును. ఒకరి వంతు ముగిసిన పిమ్మట మరియొకరి వంతు వచ్చునని గ్రహించును. సంభాషణకిదియే తొలిపాఠము, అక్షరాభ్యాసము చాల తరువాతిది.

మఱునాటినుండి మేము బడినుండి రాగానే ఫోను బీరువాలో నుంచి, నేలపై కూర్చుండ నారంభించితిమి. తొలినాడు తువాలు చూచి పిల్ల బెదరి యేడ్చెను. నాల్గవనాడు తానే తువాలు లాగి పకపక నవ్వెను. గుమ్మమున నిలిచి చూచుచున్న మా పెద్దవాడు, "నాతో కూడా ఇలా ఆడేవారా నాన్నగారూ?" అని యడిగెను. అబద్ధమాడ నోరు రాలేదు. "లేదురా" అంటిమి. వాడేమియు ననలేదు. కొంతసేపు నిలిచి, తువాలు మా చేతినుండి తీసికొని చెల్లెలియెదుట కూర్చుండెను.

సోదరులారా! ఈ యాటకు ధనమక్కఱలేదు, తీరిక యంతగా నక్కఱలేదు. పెద్దలేమనుకొందురో యను జంకు విడిచినచో చాలును. పంచె మాసినచో ఉదుకుకొనవచ్చును. గడచిపోయిన శైశవమును మరల తెచ్చుకొను నుపాయము మేము చదివిన యే శాస్త్రమునందును లేదు.