నేతలోని దీవెన

మనిషికి వెచ్చదనమిచ్చేవి మూడని ఉత్తర సుమత్రాలో టోబా సరస్సు చుట్టూ నివసించే బతక్ జాతి పెద్దలు చెబుతారు. అవి సూర్యుడు, అగ్ని, ఉలోస్. సూర్యుడు రాత్రివేళ కనిపించడు. అగ్ని ఆదమరిస్తే దహిస్తుంది. వేళతో పనిలేక, హాని తలపెట్టక, ఒంటిని అంటిపెట్టుకొని ఉండేది ఉలోస్ ఒక్కటే. స్త్రీలు నడుముకు కట్టుకొనే మగ్గం మీద నేసే దుప్పటి వంటి వస్త్రమే ఉలోస్. కొండసీమల చలికి పుట్టిన ఆ బట్ట కాలక్రమాన ప్రాణశక్తిని స్థిరపరచే రక్షగా, పెద్దల దీవెనకు రూపంగా మారింది.

ఇండోనేషియా వేలాది దీవుల దేశం. దీవి మారితే భాష మారుతుంది, నేత మారుతుంది. అయినా పుట్టుక, పెళ్లి, చావు అనే మూడు ఘట్టాలలో వస్త్రం సాక్షిగా నిలవడం ఆ దీవులలో పలుచోట్ల కనిపించే ఆచారం.

బతక్ సమాజంలో ఉలోస్‌ను ఎవరు పడితే వారు ఇవ్వరాదు. పిల్లనిచ్చిన వంశంవారు పుచ్చుకొన్న వంశంవారికి ఇవ్వాలి. పెద్దలు పిన్నలకు కప్పాలి. పుచ్చుకొన్నవారు ప్రతిగా ధనాన్నో పశువులనో సమర్పిస్తారు. కూతురు తొలిచూలు ఏడవ నెలలో ఉన్నప్పుడు పుట్టింటివారు వచ్చి, ఆమె భుజాల మీద ఉలోస్ కప్పి, తల్లీబిడ్డల క్షేమాన్ని కోరుతారు. వివాహ సమయాన వధువు తల్లిదండ్రులు ఒకే ఉలోస్‌ను దంపతులిద్దరి భుజాల చుట్టూ చేర్చి కప్పుతారు. జీవిత భాగస్వామిని కోల్పోయినవారి తలపై 'తుజుంగ్' అనే ఉలోస్‌ను ముసుగుగా వేస్తారు. ఖననం ముగిసిన పిమ్మట బంధువులు ఆ ముసుగు తొలగించి, ముఖం కడుగుతారు. శోకించడానికి అనుమతి ఇచ్చినదీ, శోకాన్ని దాటి బతకమని చెప్పినదీ ఆ వస్త్రమే.

జావా దీవిలో ఈ గౌరవం బాతిక్ అద్దకానికి దక్కింది. 'చాంటింగ్' అనే చిన్న రాగి పరికరంతో కరిగిన మైనాన్ని గుడ్డపై గీతలుగా, చుక్కలుగా దిద్దుతారు. రంగులో ముంచినప్పుడు మైనం ఉన్నచోట రంగు పట్టదు. తరువాత గుడ్డను వేడినీటిలో ఉడికించి మైనాన్ని తొలగిస్తారు. పెళ్లిలో వధూవరులు 'సిదోముక్తి' అనే నమూనా గల వస్త్రాన్ని ధరించడం ఆచారం. ఇందులోని 'ముక్తి' సంస్కృతం నుంచి వెళ్లిన మాటే. మనకు అది మోక్షం; జావావారికి సుఖసంపదలతో కూడిన జీవనం. వధూవరుల తల్లిదండ్రులు నక్షత్రాలు చల్లినట్లుండే 'త్రుంతుమ్' ధరిస్తారు. 18వ శతాబ్దిలో సూరకర్త రాజు పకుబువనో మూడవవాని అనాదరణకు గురైన రాణి ఒంటరి రాత్రులలో ఈ నమూనాను దిద్దిందనీ, ఆ పనిలోని ఆమె తన్మయత్వాన్ని చూసి రాజు ప్రేమ మళ్లీ చిగురించిందనీ ఐతిహ్యం.

బాలి దీవిలోని తెంగనాన్ గ్రామంలో నేసే 'గెరింగ్‌సింగ్' మరొక అద్భుతం. 'గెరింగ్' అంటే రోగం, 'సింగ్' అంటే లేదు. రోగాన్ని, కీడును దరిచేరనీయని వస్త్రమని దాని అర్థం. పడుగు నూలును, పేక నూలును నేతకు ముందే ముడులు కట్టి రంగులద్దుతారు. నేసేటప్పుడు రెండింటి రంగులూ ఒకచోట కలిస్తేనే బొమ్మ కుదురుతుంది. ఒక్క వస్త్రం పూర్తికావడానికి ఏళ్లు పడుతుంది. తెలంగాణలోని పుట్టపాక నేతగాళ్ల తేలియా రుమాలు కూడా ఈ జాతిదే. అక్కడ నూనె, ఆముదపు కాయల బూడిదతో నూలును పదును చేస్తే, తెంగనాన్‌లో కుంకుడు జాతికి చెందని మరో గింజ నూనెను, బూడిద నీటిని వాడతారు. మన పోచంపల్లి చీరకు స్థిరపడిన 'ఇక్కత్' అనే పేరు, కట్టడమనే అర్థమున్న మలయ, ఇండోనేషియా భాషల పదం నుంచి వచ్చినదే.

బంధం ఇంతటితో ఆగలేదు. 17వ శతాబ్దిలో డచ్చి వర్తకులు మచిలీపట్నం వంటి రేవుల నుంచి కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలను ఓడలకెత్తి, ఆ దీవులలో సుగంధద్రవ్యాలకు మారకంగా ఇచ్చేవారు. సులవేసి దీవిలోని తోరాజా జాతివారు భారతదేశం నుంచి వచ్చిన అటువంటి బట్టలను పవిత్ర వస్తువులుగా తరతరాలు దాచుకొని, క్రతువుల వేళ బయటికి తీశారు. మన తీరంలో సరుకుగా మూటకట్టిన బట్ట అక్కడ వంశపు నిధి అయింది.

నేడు ఈ ప్రయాణం వెనుదిరుగుతున్నది. ఒకప్పటి నిధి సరుకుగా మారుతున్నది. 2009లో యునెస్కో ఇండోనేషియా బాతిక్‌ను మానవజాతి అవ్యక్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఆ గుర్తింపు దినమైన అక్టోబరు 2ను ఆ దేశం బాతిక్ దినంగా జరుపుకొంటున్నది. కాని యంత్రం అచ్చువేసిన బట్టపై నమూనా మాత్రమే ఉంటుంది. మైనం దిద్దిన చేయి ఉండదు. ఒకనాడు రాజవంశాలకే పరిమితమైన 'పరాంగ్' నమూనా నేడు చేతిసంచులపై సైతం కనిపిస్తుంది. అందరికీ అందడం మంచిదే. రాజుకు మాత్రమే చెల్లిన అందం ప్రజలకు దక్కడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అయినా వస్త్రానికి ఒక మర్యాద ఉన్నదన్న స్పృహ పూర్తిగా చెరిగిపోలేదు. 2022 డిసెంబరులో నాటి దేశాధ్యక్షుడు జోకో విదోదో కుమారుని వివాహ విందు సూరకర్తలోని మంకునెగరన్ రాజభవనంలో జరిగినప్పుడు, పరాంగ్ ధరించి రావద్దని అతిథులను కోరారు.

నమూనాలను గ్రంథాలలో భద్రపరచవచ్చు, వస్త్రాలను ప్రదర్శనశాలల అద్దాల వెనుక దాచవచ్చు. కాని ఉలోస్‌ను కప్పడానికి ఒక పెద్ద కావాలి, తలవంచి అందుకోవడానికి ఒక పిన్న కావాలి, దానిని నేసిన స్త్రీకి ఆ పనితో అన్నం దొరకాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా మిగిలేది నూలుపోగులే. టోబా ఒడ్డున మగ్గం ముందు కూర్చున్న స్త్రీకి, పుట్టపాకలో ఆసు పోసే ఇల్లాలికి భాషలు వేరు, దేవుళ్లు వేరు. తన చేతి బట్ట ఎవరి శుభకార్యానికో చేరాలన్న ఆశ మాత్రం ఇద్దరిదీ ఒక్కటే.