మల్లిక్ బజార్‌లో బ్రేకు వైద్యం

కోల్‌కతాలో పార్క్ స్ట్రీట్, ఆచార్య జగదీశ్‌చంద్ర బోస్ రోడ్డు కలిసే కూడలి దగ్గర పాత క్రైస్తవ శ్మశానం ఉంది. బెంగాలీ కవి మైకేల్ మధుసూదన్ దత్ సమాధి అక్కడే. ఆ పొరుగునే ఉంది మల్లిక్ బజార్, పాత కార్ల విడిభాగాలకు పెట్టింది పేరు. ఆయుష్షు తీరిన కార్ల అవయవాలకు ఇక్కడ మరో జన్మ దొరుకుతుంది.

హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలను 2009 నుంచి నగరంలోంచి తప్పిస్తూ రావడంతో పసుపు ట్యాక్సీలూ పలచబడ్డాయి. మిగిలిన పాత బండిని నడిపేవారికి ఇంజన్ మొండికేస్తే ఒక రోజు సంపాదన పోతుంది. బ్రేకు మొండికేస్తే పోయేది ప్రాణమే.

అనుభవమున్న మెకానిక్ పానా పట్టుకునే ముందు పెడల్ మీద కాలు పెడతాడు. ముందుగా తేల్చుకునేది బండికి బూస్టర్ ఉందా లేదా అన్నదే. అది లేని పాత మోడళ్లలో పెడల్ గట్టిగా ఉండటం జబ్బు కాదు, స్వభావం. బూస్టర్ ఉంటే, ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు నొక్కి, అలాగే అదిమిపట్టి స్టార్ట్ చేస్తాడు. పెడల్ కాస్త కిందికి జారితే బూస్టర్ పనిచేస్తున్నట్టే. రాయిలా కదలకపోతే అనుమానం బూస్టర్ మీదకు, దానికి గాలి పీల్చే ట్యూబు మీదకు, వాల్వు మీదకు పోతుంది. డీజిల్ బండైతే వాక్యూమ్ పంపునూ చూడాలి. నొక్కినప్పుడు బుస్సుమని ఆగకుండా శబ్దం వస్తే లోపలి పొర చిరిగి ఉండవచ్చు.

మాస్టర్ సిలిండర్ లక్షణం వేరు. అదిమిపట్టిన పెడల్ మెల్లమెల్లగా కుంగుతూ, బయట ఎక్కడా బ్రేక్ ఆయిల్ కారకపోతే, లోపలి రబ్బరు సీళ్లు అరిగినట్టే. ఆయిల్ తగ్గుతున్నా చక్రాల దగ్గర తడి లేకపోతే, అది వెనక సీలు దాటి బూస్టర్‌లోకి చేరుతూ ఉండవచ్చు. పెడల్ స్పాంజిలా మెత్తబడితే పైపుల్లో గాలి చేరిందేమో చూడాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కోల్‌కతా లాంటి ఉక్క ఊళ్లో ఏళ్ల తరబడి మార్చకపోతే సిలిండర్ లోపల తుప్పు తప్పదు.

ఈ పరీక్షలకు పైసా ఖర్చు లేదు, పట్టేది పది నిమిషాలు. అయినా తొందరలో చాలామంది నేరుగా సిలిండర్ కొనేస్తారు. పగిలిన ట్యూబు మాత్రం అలాగే ఉండిపోతుంది. పాత సామాను బజారులో బేరం కంటే ముందు కుదరాల్సింది రోగ నిర్ధారణ.