గ్రాఫు గీయు సాధనము – దాని చరిత్ర

గడచిన వర్షకాలమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థులు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో కురిసిన వానల లెక్కలను దినపత్రికలనుండి వ్రాసికొనిరి. సాగరు ఎడమకాలువ క్రింద సేద్యము చేయు కుటుంబముల పిల్లలకు వానలెక్క వినోదము కాదు. ఆ యంకెలను నేను పాఠశాల కంప్యూటరుపై మాట్‌ప్లాట్‌లిబ్ అను సాధనముతో గ్రాఫుగా గీసి చూపితిని. అప్పుడొక బాలిక, "అయ్యగారూ, దీనిని ఎవరు చేసిరి? మనము డబ్బు కట్టితిమా?" అని యడిగెను. "ఏదో పెద్ద కంపెనీవారు చేసి బడులకు ఉచితముగా నిచ్చిరి" అని తడుముకొనక చెప్పితిని.

ఆ రాత్రి నాకు నిదురపట్టలేదు. తెలియనిది తెలిసినట్లు చెప్పరాదని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్చుకొన్నవాడను గదా! మరునాడే వెదకుట కారంభించితిని. ఈ సాధనపు మూలలిపి అందరికిని తెరచియున్నది. ఎవరు, ఏ దినమున, ఏ పంక్తిని మార్చిరో దానిలోనే వ్రాయబడియున్నది. కరణముగారి దస్తరమైనను అంత వివరముగా నుండదు.

దీనిని ఆరంభించినవాడు కంపెనీవాడు కాడు. 1968లో జన్మించిన జాన్ హంటర్ అను అమెరికా దేశీయుడు, నాడీశాస్త్రజ్ఞుడు. ఆయన మూర్ఛరోగుల మెదడులోని విద్యుత్తరంగములను పరిశీలించుచుండెను. ఆ పనికి వలసిన అమ్మకపు సాఫ్టువేరునకు వారి ప్రయోగశాలలో ఒకే అనుమతి యుండెను. విద్యార్థులు, పరిశోధకులు వంతులవారీగా దాని తాళపు పరికరమును మార్చుకొనవలసివచ్చెడిది. ఆ యిబ్బందినుండియే ఈ పని పుట్టినది. 2003లో ఆయన దీనిని లోకమునకు ఉచితముగా విడిచెను. తరువాత అనేకులు చేయివేసిరి. 2012 ఆగస్టు 28న ఆయన నలుబదినాలుగేండ్లకే కన్నుమూసెను. పని మాత్రము నిలువలేదు. 2019లో లోకమెల్ల చూచిన కృష్ణబిలపు చిత్రమును సిద్ధపరచుటలోను ఈ సాధనము ఉపయోగపడినది.

సోమవారమున తరగతి యెదుట నిలిచి, "నేను చెప్పినది తప్పు. తెలియక చెప్పితిని" అంటిని. నోరు తడియారెను. పిల్లలు నవ్వుదురనుకొంటిని, ఎవరును నవ్వలేదు. పిమ్మట ఈ చరిత్రను చెప్పితిని.

వారు నవ్వినది వేరొకచోట. గ్రాఫుపై ఊళ్ల పేర్లను తెలుగున వ్రాయగా, మా కంప్యూటరులోని ప్రతిలో గుణింతములు చెదరినవి. సూర్యాపేట, మిర్యాలగూడలలోని యవొత్తు క్రిందికి దిగక విడియక్షరమై నిలిచినది. "మన ఊరే విరిగిపోయినది!" అని యొకడు కేకవేసెను. అంతట ఆ బాలికయే, "మూలలిపి తెరచియున్నదంటిరి గదా, మనము దిద్దకూడదా?" అనెను.

ఈమారు వెంటనే జవాబు చెప్పలేదు. "దిద్దవచ్చునని తలంచుచున్నాను, ఎట్లో నాకు తెలియదు, కలిసి చూతము" అంటిని. ప్రతి శనివారము మధ్యాహ్నము అయిదుగురు పిల్లలు నాతో కూర్చుండుచున్నారు. యవొత్తు ఇంకను దిగలేదు.