వసారాలో స్కూటరు

మా ఇంట్లో ఒక ఎవర్‌సిల్వర్ తట్ట ఉంది. అది వంటింటి సొత్తా, వసారా సొత్తా అన్న విషయమై మా దంపతుల నడుమ ఇంతవరకూ రాజీ కుదరలేదు. పుట్టింటివారు పెట్టిన తట్ట గనుక వంటింటిదేనని శ్రీమతి వాదన. పదిహేనేళ్లుగా అందులో నట్లూ, బోల్టులూ, వాషర్లూ తప్ప మరేమీ పడలేదు గనుక అనుభవ హక్కు చేత వసారాదేనని నా వాదన. ఎన్నిసార్లు తోమినా దాని పెట్రోలు వాసన పోదు. ఆ వాసన ఉన్నంతకాలం వ్యాజ్యం నా పక్షాన ఉన్నట్టే లెక్క.

ఆ నట్లూ బోల్టులూ మా బజాజ్ చేతక్ స్కూటరువి. 1981లో డబ్బు కట్టి పేరు నమోదు చేయించుకుంటే 1986లో చేతికి వచ్చింది. ఐదేళ్లు! ఈ కాలపు పిల్లలకు చెబితే వేళాకోళమనుకుంటారు గానీ, అంతకు రెట్టింపు కాలం ఎదురుచూసినవారూ ఉన్నారు. ఇటలీ పియాజియో వారితో ఉన్న ఒప్పందం 1971లో ముగిసిపోగా, ఆ మరుసటి ఏడు అదే వెస్పా పోలికలతో, రాణాప్రతాపుని గుర్రం పేరు పెట్టి బజాజ్ వారు దీనిని బయటికి తెచ్చారు. మా బడిలో లెక్కల మాస్టారు ఒకాయన అంతకాలం ఆగలేక హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్ కొనుక్కున్నారు. పుష్పక విమానంలో ఎందరెక్కినా మరొకరికి చోటుంటుందంటారు కదా, ఆయన కుటుంబం ప్రతి ఆదివారమూ ఆ మాటను నిజం చేసి చూపేది.

పుంగనూరు అనగానే బయటివారు ఆవు గురించి అడుగుతారు. మా ఊరి ఆవు మూడడుగులు మించదు. పక్కన నిలబెడితే ఇంచుమించు మా చేతక్ సీటంత ఎత్తు. రెండూ పొట్టివే, రెండూ మొండివే. రెండింటినీ వెతుక్కుంటూ ఇప్పుడు ఎక్కడెక్కడినుంచో కొనేవారు వస్తున్నారు. బెంగళూరునుంచి వచ్చిన ఒక కుర్రవాడు మా బండి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, రంగు మార్చి బంగళాలో అలంకారంగా పెట్టుకుంటానన్నాడు. నడిచే బండిని బొమ్మ చేస్తానంటే మనసొప్పక పంపించివేశాను.

ఇంతకూ, 2010లో ఉద్యోగ విరమణ చేసేవరకూ నేను దానికి పెట్రోలు పోయించడమే తప్ప బోల్టు విప్పి ఎరుగను. తెలుగు పండితుణ్ని. విభక్తులు విప్పినవాణ్నే గానీ వీలు విప్పినవాణ్ని కాను. విరమణ తరవాత మొదటి వేసవిలో పొద్దు గడవక కుడివైపు డొప్ప తీసి చూశాను. లోపల ఎంత మట్టి, ఎంత నూనె జిడ్డు! ఇరవై నాలుగేళ్లు నన్ను మోసిన ప్రాణి లోపల ఏముందో ఒక్కనాడూ చూడలేదే అని సిగ్గేసింది. ఆ వారమే ముళబాగిలు, కోలారు మీదుగా బస్సులో బెంగళూరు వెళ్లి, జె.సి. రోడ్డులో ఒక పానాల సెట్టు, ప్లగ్గు విప్పే గొట్టం, ఫీలర్ గేజి కొనుక్కొచ్చాను.

డబ్బు మిగులుతుందని చేస్తున్నారా అని చాలామంది అడిగారు. నిజం చెప్పాలంటే మిగలదు. మొదటి ఏడాది నేను పాడుచేసిన సామాన్ల ఖర్చుతో మెకానిక్కు చేత రెండుసార్లు ఇంజను పని చేయించవచ్చు. బడిలో ఉన్నన్నాళ్లూ నేను చేసిన పని ఫలితం పదేళ్లకు గానీ తెలిసేది కాదు, అప్పటికీ అది నా వల్లనో, వాడి తలరాత వల్లనో తేలేది కాదు. ఇక్కడ పాయింట్లు సరిచేసి కిక్కు కొడితే జవాబు అప్పటికప్పుడే వస్తుంది. ఆ రుచికి అలవాటు పడ్డాను.

ఈ పాయింట్ల సంగతి కాస్త చెప్పాలి. మాది పాతకాలపు బండి, ఎలక్ట్రానిక్ వ్యవహారం లేదు. కుడివైపున గాలి విసిరే ఫ్లైవీలు తిరుగుతూ ఉంటుంది. దానికున్న చిన్న కిటికీలోంచి చూస్తే, కలుస్తూ విడిపోతూ ఉండే రెండు లోహపు మొనలు కనిపిస్తాయి. అవి విడిపోయిన క్షణానే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. విడినప్పుడు వాటి నడుమ ఎడం 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల లోపల ఉండాలి. ఎక్కువైనా తక్కువైనా రవ్వ వేళ తప్పుతుంది. ప్లగ్గు ఎడం 0.6. దానికి మన మెకానిక్కులు గేజీలు వెతకరు, హ్యాక్సా బ్లేడు ముక్క దూర్చి చూస్తారు. ఆ బ్లేడు మందమూ ఇంచుమించు అంతే మరి.

చెప్పడానికి సులువే. బైఫోకల్ కళ్లద్దాల కింది సగంలోంచి చూడాలంటే తల పైకెత్తాలి, తల పైకెత్తితే ఫ్లైవీలు కిటికీ కనబడదు. నేలమీద బాసీపట్టు వేసుకుంటే లేవడానికి శ్రీమతిని పిలవాలి. కనుక ముక్కాలిపీట, దానిమీద మడిచిన దుప్పటి, పక్కన బ్యాటరీ లైటు. విప్పిన ప్రతిదాన్నీ విప్పిన వరుసలోనే తట్టలో ఎడమనుంచి కుడికి పేరుస్తాను. బిగించేటప్పుడు కుడినుంచి ఎడమకు రావాలి. పిల్లి ఒకసారి ఆ తట్ట మీదుగా నడిచి, నా వాక్యాన్నంతా చెరిపేసి పోయింది.

భాషాభిమానులు కనుక మీకు నచ్చుతుందని చెబుతున్నాను. ఈ పనిలో మాటలు మూడు రాష్ట్రాలవి. స్పానరును మేము పానా అంటాము, అది హిందుస్తానీ వైపునుంచి వచ్చింది. పలమనేరు దాటి వచ్చిన పనివాడు స్క్రూడ్రైవరును తమిళంలో తిరుపుళి అంటాడు. ఆ మాటలోనే తిప్పడం ఉంది, ఇంతకంటే మంచి మాట మనమెవరమూ పుట్టించలేము. ఇక స్టెప్నీ. అదనపు చక్రానికి మనదేశమంతటా ఇదే పేరు. ఇది వేల్స్ దేశంలోని లనెల్లీ అనే ఊళ్లో ఒక వీధి పేరు. 1904లో అక్కడి స్టెప్నీ వీధిలో అదనపు చక్రాలు తయారుచేయడం మొదలుపెట్టారు. వారు మరిచినా మనం మరవలేదు. కార్బురేటరుకు తెలుగు వెదికే ప్రయత్నం మాత్రం నేను మానుకున్నాను.

పెట్రోలు కూడా మునుపటిది కాదు. 2025 నాటికి బంకుల్లో పోసేదానిలో ఇరవై శాతం ఇథనాలు కలుస్తోంది. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలకూ వాషర్లకూ అది సరిపడదు. వర్షాకాలంలో బండిని వారం రోజులు కదపకుండా ఉంచి, తరవాత కార్బురేటరు గిన్నె విప్పితే అడుగున నీటి బొట్లు కనిపిస్తాయి. కనుక ఏటేటా పెట్రోలు గొట్టం మారుస్తాను, ఊరికి వెళ్లేముందు ట్యాంకు ఖాళీ చేస్తాను. లీటరుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలపడం మాత్రం నా చేతి మీదుగానే జరగాలి. బంకు కుర్రవాడికి వదలను.

ఇక్కడిదాకా గొప్పలే చెప్పుకున్నాను. చెప్పవలసినది ఇంకొకటుంది.

2023 జులై. మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా నూట యాభై దాటిన నెల. అంతకు ముందు ఆదివారం వెనుక బ్రేకు తీగ నేనే మార్చాను. చేతక్‌లో ఆ తీగ కాలి పెడలునుంచి బయలుదేరి, కిందుగా పోయి, వెనుక చక్రం దగ్గరున్న చిన్న మీటకు చేరుతుంది. అక్కడ తీగ కొసను ఒక చిన్న బోల్టు కరిచి పట్టుకుంటుంది. దాన్ని ఒక పానాతో కదలకుండా పట్టుకొని మరొక పానాతో బిగించాలి. నా కుడి బొటనవేలి మొదట్లో కీళ్లనొప్పి చాలాకాలంగా ఉంది. బిగించాను, నొప్పి వచ్చింది. నొప్పి వచ్చింది గనుక బిగిసిందని అనుకున్నాను.

నాలుగు రోజులు ఊళ్లోనే తిరిగాను, బాగానే పట్టింది. ఐదోనాడు బోయకొండ గంగమ్మను చూసుకొని, చౌడేపల్లె మీదుగా తిరిగి వస్తున్నాము. ఒక చెరువు కట్ట దిగే చోట, ముందు పోతున్న టమాటా ఆటో ఉన్నట్టుండి ఆగింది. కాలు నొక్కాను. పెడలు నేలకు తాకింది, లోపల ఏమీ లేదు. ఆ ఖాళీని నా పాదం ఇప్పటికీ గుర్తుపెట్టుకుంది. ముందు బ్రేకు పట్టాను. గట్టిగా పట్టాను కాబోలు, బండి అడ్డంగా జారింది. ఒకవైపుకు కూర్చున్న మనిషి కింద పడింది. నాకు మోకాలు గీసుకుపోయింది, అంతే. ఆమె కుడి మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు.

ఆటో డ్రైవరు పరుగున వచ్చి నా మీద కేకలేయబోయి, నా తల నెరుపు చూసి ఆగిపోయాడు. అతడు తిట్టి ఉంటే బాగుండేది. వెనుక చక్రం దగ్గర చూస్తే తీగ కొస బోల్టులోంచి జారి వేలాడుతోంది. వెనుక లాగితే వచ్చిన అబ్బాయిలెవరో "పాత బండి కదా తాతా, బ్రేకు తెగిపోయింటాది" అన్నారు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తెగలేదు. జారింది. జారనిచ్చింది నేను.

ఆ సంగతి శ్రీమతికి రెండోనాడు చెప్పాను. ఎడమచేత్తో కాఫీ తాగుతూ విన్నది. "ఆ నెలలో టమాటా బండిని గుద్దుంటే నా చెయ్యి కంటే టమాటాలకే ఎక్కువయ్యేది ఖర్చు" అన్నది. నిష్ఠూరమాడలేదు. ఆరు వారాలూ వంట నేనే చేశాను, తట్ట వంటింటికి వెళ్లిపోయింది. మా అబ్బాయి బెంగళూరునుంచి వచ్చి, "నాన్నా, అమ్మేసేయ్. ఆటోలో పోండి. నీకేమన్నా అయ్యుంటే?" అన్నాడు. నాకేమీ కాలేదురా, అదే నా బాధ అని అనలేకపోయాను.

నాలుగు నెలలు బండి మీద కప్పిన పట్టా తీయలేదు. నాకు నా చేతులమీద నమ్మకం పోయింది. బండి 1986లో రిజిస్టరైనది. పదిహేనేళ్లు దాటింది గనుక ఐదేళ్లకోసారి చూపించి గడువు పొడిగించుకోవాలి, అలా ఐదుసార్లు చేయించాను. నా లైసెన్సుకూ ఈ వయసులో ఐదేళ్లే గడువు, దానికి డాక్టరు సంతకం కావాలి. పానా పట్టే చేతికి మాత్రం ఏ కార్యాలయంలోనూ పరీక్ష లేదు. నేను పెట్టుకోనూ లేదు.

పట్టా తీసింది ఆమెే. కార్తికమాసంలో ఒక ఉదయం వసారా ఊడుస్తూ, "ఇట్లే పెట్టుంటే తుప్పు పట్టదా ఏమండీ? చేసుకుంటే చేసుకోండి, చేసినాక ఇంకొకరికి చూపించండి. మీరు పేపర్లు దిద్దినాక హెడ్మాస్టరు చూసేవాడు కాదా?" అన్నది.

మదనపల్లె రోడ్డులో ఒక మెకానిక్ భాయ్ ఉన్నాడు. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. సగంలో బడి మానేశాడు. హాజరుపట్టీలో వాడి పేరు మీద ఎర్రగీత గీసింది నేనే. ఎందుకు మానేశావని ఇంటికి వెళ్లి అడిగింది లేదు. అటువంటివాడి దగ్గరికి, కొత్తగా బిగించిన బ్రేకుతో, బండిని నడిపించుకుంటూ వెళ్లాను. ఎక్కి పోవడానికి ధైర్యం చాలలేదు. ఒకటిన్నర కిలోమీటరు. దారిలో ముగ్గురు "ఏం అయివారూ, పంచరా?" అని పలకరించారు.

భాయ్‌కి జరిగినదంతా దాచకుండా చెప్పాను. అతడేమీ అనకుండా వంగి, పానా వేసి పావు చుట్టు తిప్పాడు. తిరిగింది. అంటే ఈసారి కూడా నా బిగింపు చాలలేదన్నమాట. నా ముఖం చూసి కాబోలు, నవ్వి, "పొడుగు పానా తీసుకోండి సార్. బలం చేతిలో లేకపోతే పానాలో ఉండాల" అన్నాడు. డబ్బు తీసుకోలేదు.

"ఎన్ని మార్కులు?" అన్నాను, నవ్వులాటకే.

అతడు నిజంగానే ఆలోచించాడు. "అరవై సార్. స్ప్రింగ్ వాషర్ వెయ్యలేదు మీరు."

అప్పటినుంచి ఇదే పద్ధతి. ప్లగ్గు, పాయింట్లు, కార్బురేటరు, గేరు ఆయిలు నా ఇష్టం. బ్రేకు, చక్రం, హ్యాండిలు జోలికి పోతే మాత్రం భాయ్ చూసేవరకూ శ్రీమతి వెనుక ఎక్కదు, నేనూ ఎక్కించుకోను. తట్ట వసారాకు తిరిగి వచ్చింది, తీర్పు మాత్రం ఇంకా రాలేదు. పొడుగు పానా కొన్నాను. మొన్న ఆదివారం ముందు చక్రం విప్పి, బ్రేకు పట్టీలు మార్చి తీసుకుపోతే, భాయ్ చాలాసేపు చూసి ఎనభై అయిదు వేశాడు.

ఇంటికి వచ్చి సంతోషంగా చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ, తలెత్తకుండా అడిగింది.

"కోసిన పదిహేనూ బ్రేకులోనా?"

"కాదు. గ్రీజు ఎక్కువైందంట."

"అయితే సరే" అన్నది.