అడుగున తిరిగే చేప

మా ఇంట్లో చేపల ట్యాంకు చూసినవాళ్లందరూ ఒకే మాట అంటున్నారు. "అయ్యగారూ, ఆ మీసాల చేపకి మేత అక్కర్లేదంటగా! అడుగున చెత్తంతా అదే తినేస్తుందంట."

ఆ చేప పేరు కోరిడోరాస్. పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. మన కాలువల్లో పడే జెల్లకి దూరపు చుట్టం. పొలుసులుండవు, ఒంటికి రెండు పక్కలా ఎముక పలకలుంటాయి. లేవీయకాండము 11వ అధ్యాయం ప్రకారం ఇశ్రాయేలీయులు తినకూడని చేపల్లో చేరుతుంది. (మనం జెల్లల పులుసు వదలం, అది వేరే సంగతి.) చాలా సాధువు. ఏ చేప జోలికీ పోదు.

దీనికి తోడు కావాలి, ఐదారు కలిపి పెంచాలి. అడుగున మెత్తటి ఇసుకే వేయాలి, మొనలున్న రాళ్లయితే మీసాలు అరిగిపోతాయి. అప్పుడప్పుడు పైకి దూసుకొచ్చి గాలి మింగి వెళ్తుంది. అది జబ్బు కాదు, పేగుతో కూడా గాలి పీల్చుకోగలదు. అదే పనిగా వస్తుంటే మాత్రం నీళ్లు చూసుకోవాలి. సముద్రం దగ్గరి మన ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కదా, ఆ ఉప్పు దీనికి పడదు. మంచినీళ్లే పోయండి.

ఇక మేత సంగతి. చెత్త తిని బతుకుతుందన్నది వట్టిమాట. పైన తిరిగే చేపలు గింజ కిందికి దిగకుండానే లాగేసుకుంటాయి. ఇది పోట్లాడదు. ఆకలేసినా ఇసుకలో మూతి పెట్టి వెతుకుతూనే ఉంటుంది. చూసేవాళ్లకి దాని పని అది చేసుకుంటున్నట్టే ఉంటుంది. పొట్ట లోపలికి పోయాక గానీ ఎవరికీ తెలియదు. అందుకే రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక లైటు తీసేసి, నీళ్లలో మునిగే బిళ్లమేత వేస్తాం. చీకట్లో మిగతావి సద్దుమణిగితే ఇవి తీరిగ్గా తింటాయి.

మొన్న ప్రేమవిందులో మన మందిరం ఊడ్చే మామ్మగారు చివరి బంతిలో కూర్చున్నారు. ఆవిడ విస్తట్లోకి అన్నం, చారు తప్ప ఏమీ రాలేదు. అడిగితే "నాకంత ఆకలి లేదులే నాయనా" అన్నారు. తెల్లారి ఐదింటికి వచ్చి చాపలు పరిచిన మనిషి! ఆవిడకి ఆకలి లేదంటే నేను నమ్మను. ఆవిడ అడగరని మనందరికీ తెలుసు, అందుకే ఎవరూ చూడరు.

వచ్చే నెల విందుకి వడ్డన వెనక చాప నుంచి మొదలుపెట్టమని యవనస్తులకి చెప్పాను. కూర గిన్నె ముందు అటే వెళ్తుంది. ముందు వరసలో కూర్చునే పెద్దలు కాస్త ఓర్చుకోండి.